తులసికి, టేకుకు చుట్టమైన సాల్వియా

శీతకాలమున పెద్ద పట్టణములకు పోయినవారు అచ్చటి ఉద్యానవనములలో, కార్యాలయముల ముంగిళ్ళలో, మోకాలెత్తు మొక్కలు వరుసలుగా నిలిచి కొసలయందు నిప్పుకణికలవంటి ఎఱ్ఱని కంకులు మోయుచుండుట చూచియే యుందురు. ఆ మొక్క పేరు సాల్వియా. నర్సరీలవారు ఆ పేరుతోనే అమ్ముదురు. కొనువారు ఆ పేరుతోనే కొందురు. మందారమునకు, బంతికి, చేమంతికి ఉన్నట్లు దానికి జనుల నోట నిలిచిన తెలుగు పేరు లేదు.

తెలుగు పేరు లేని మొక్కను గూర్చి తెలుగులో పాఠమేల అని కొందరు తల్లిదండ్రులకు తోచవచ్చును. మేము దీనిని ఎన్నుకొన్నది అందుకొఱకే. "మా పిల్లవాడు తెలుగులో చదివినచో లోకములోని క్రొత్త విషయములు వానికెట్లు తెలియును?" అని, బడిలో చేర్పించునప్పుడు మమ్ములను అడుగువారు ప్రతి సంవత్సరము ఉందురు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి ఉపన్యాసముతో సమాధానము చెప్పరాదు. ఒక క్రొత్త వస్తువును తీసికొని, దాని పుట్టుకను, పెంపకమును, దాని పువ్వులోని యంత్రమును మన మాటలతో మొదటినుండి చివరవరకు చెప్పి చూపవలెను. చెప్పగలిగితిమో లేదో చదివినవారే నిర్ణయింతురు గాక.

బంధుత్వము

క్రొత్త కోడలు ఇంటికి వచ్చినప్పుడు ముందుగా ఆమె ఎవరి పిల్ల, ఏ ఊరి పిల్ల అని అడుగుట మన వాడుక. మొక్కను గూర్చియు అట్లే అడుగవలెను.

ముంగిలిలోని తులసికోట దగ్గఱకు పిల్లవానిని పిలిచి, లేతకొమ్మనొకదానిని రెండు వ్రేళ్ళ నడుమ పట్టి త్రిప్పి చూడుమనుడు. కొమ్మ గుండ్రముగా లేదనియు, నాలుగు పలకలుగా ఉన్నదనియు వాడే చెప్పును. ఆకులు ఒక్కొక్క కణుపునొద్ద ఎదురెదురుగా రెండేసి పుట్టును. క్రింది జత తూర్పు పడమరలుగా నున్నచో, పై జత ఉత్తర దక్షిణములుగా నుండును. ఈ రెండు గుర్తులు సాల్వియాలో ఉన్నవి, పుదీనలో ఉన్నవి, పొలము గట్లపై పెరుగు తుమ్మిలో ఉన్నవి, సబ్జా గింజల నిచ్చు రుద్రజడలో ఉన్నవి. ఇవి యన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. ఈ కుటుంబమును మన పాఠ్యపుస్తకములు తులసి కుటుంబమనును. శాస్త్రజ్ఞులు లామియేసి అందురు. పూర్వము దీనికి లేబియేటే అను పేరుండెడిది. లాటిను భాషలో లేబియం అనగా పెదవి. పువ్వు పైపెదవి, క్రిందిపెదవి గల నోరువలె తెఱచుకొని యుండుటచే ఆ పేరు వచ్చినది.

మన ప్రాంతపు పిల్లలకు ఆశ్చర్యము కలిగించు చుట్టము మఱియొకటి కలదు. అల్లాపల్లి అడవులకు పేరు తెచ్చిన టేకు కూడ నేటి వర్గీకరణములో ఈ కుటుంబమునకే చెందినది. పూర్వపు గ్రంథములలో దానిని వేరొక కుటుంబములో చేర్చియుండిరి. తరువాతి పరిశోధనలు దానిని ఇటు తెచ్చినవి. నమ్మలేనివారు లేత టేకు చివురును త్రుంచి చూడవచ్చును. దాని కాడయు నాలుగు పలకలే. దాని ఆకులును ఎదురెదురే. పూజచేయు తులసి, పచ్చడిచేయు పుదీన, తలుపులుచేయు టేకు, అలంకారమునకు పెంచు సాల్వియా ఒక్క కుటుంబమని తెలిసిన పిల్లవాడు అడవిని మునుపటి కన్నులతో చూడడు.

ఇక సాల్వియాల సొంత వంశమును గూర్చి చెప్పవలెను. ప్రపంచములో వీనికి సుమారు 1000 జాతులు కలవు. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లినేయసు 1753లో ప్రకటించిన గ్రంథములో ఈ పేరు శాస్త్రీయముగా స్థిరపడినది. లాటినులో దీని మూలమునకు రక్షించుట, స్వస్థపఱచుట అని అర్థము. మధ్యధరా తీరములవారు సేజ్ అను సాల్వియా ఆకును వంటలలోను, ఔషధముగాను వాడెడివారు, ఇప్పటికిని వాడుచున్నారు. నేడు అంగళ్ళలో చియా గింజలని అమ్మునవి కూడ ఒక సాల్వియా గింజలే. అది మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతముల మొక్క. రోజ్‌మేరీ అను సుగంధపు మొక్కను గూడ 2017లో శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతిలో చేర్చిరి. మన దేశములోను సహజముగా పెరుగు సాల్వియాలు లేకపోలేదు. హిమాలయములలో కొన్ని జాతులు కలవు. మైదానములలోని తడినేలలలో, ఏటి ఒడ్డులలో చిన్న లేత ఊదాపూవులు పూయు సాల్వియా ప్లెబియా అను కలుపుమొక్క దేశమున చాలాచోట్ల కనబడును. కావున ఈ వంశము మనకు పూర్తిగా పరాయిది కాదు.

ఏ జాతిని ఎన్నుకొనవలెను

ఇంటి పెరటికి పనికివచ్చు అలంకారపు సాల్వియాలు ముఖ్యముగా నాలుగు.

మొదటిది ఎఱ్ఱ సాల్వియా. శాస్త్రనామము సాల్వియా స్ప్లెండెన్స్. స్ప్లెండెన్స్ అనగా ప్రకాశించునది. దీని పుట్టినిల్లు బ్రెజిలు దేశపు కొండలు. 1822లో దీనికి ఈ శాస్త్రనామము ఏర్పడినది. అడవిరూపము మనిషి రొమ్ముదాక పెరుగును. మనము కొను పొట్టిరకములు జానెడు మొదలు మూరెడు వఱకు పెరుగును. దీనిలో పువ్వు మాత్రమే కాక, పువ్వును చుట్టియున్న రక్షక పత్రావళియు ఎఱ్ఱగా నుండును. పువ్వు రాలినను ఆ ఎఱుపు చాలాదినములు నిలుచును. అందుకే కంకి నెలల తరబడి పూచుచున్నట్లు కన్నులకు తోచును. తెలుపు, ఊదా, గులాబి వన్నెల రకములును ఇప్పుడు దొరకుచున్నవి.

రెండవది సాల్వియా కాక్సీనియా. అమెరికా ఖండములోని వెచ్చని ప్రదేశముల మొక్క. కంకి ఎఱ్ఱ సాల్వియా కంకియంత ఒత్తుగా నుండదు; పూవులు ఎడమెడముగా పూయును. కాని ఎండకు ఓర్చుకొనుటలో దీనికి సాటి తక్కువ. ఒకసారి నాటినచో రాలిన గింజలనుండి మరుసటి సంవత్సరము తనంత తానే మొలచును. మొదటిసారి పెంచువారికి మేము దీనినే సిఫారసు చేయుదుము.

మూడవది నీలి సాల్వియా. శాస్త్రనామము సాల్వియా ఫారినేషియా. టెక్సాసు, మెక్సికో ప్రాంతములది. లాటినులో ఫారినా అనగా పిండి. దీని కంకికాడలపై పిండి చల్లినట్లు తెల్లని నూగు ఉండును గనుక ఆ పేరు వచ్చినది. తేనెటీగలకు ఇది మిక్కిలి ఇష్టము.

నాలుగవది సాల్వియా ల్యూకాంథా. మెక్సికోది. ఊదారంగు మఖమలు గుడ్డవలె మెత్తని కంకులు పగలు తగ్గు కాలములో వచ్చును. ఇది నడుమెత్తు పొద. చల్లని కొండప్రదేశములలో బాగుగా రాణించును. మన ఎండలలో దీనికి శ్రమ ఎక్కువ. స్థలము, నీరు, ఓపిక మూడును గలవారే దీని జోలికి పోవలెను.

మన ప్రాంతమునకు తగిన కాలము

పుస్తకములలోను, విత్తనపు పొట్లములపైనను వ్రాసిన నెలలు అన్ని ప్రదేశములకు సరిపోవు. చల్లని దేశములలో సాల్వియాను వసంతమున విత్తి వేసవిలో పూయింతురు. మంచు పడగానే అది చచ్చును. మనకు క్రమము తలక్రిందులు. ఇచ్చట జూను నుండి సెప్టెంబరు వఱకు వానలు. నవంబరు నుండి ఫిబ్రవరి వఱకు పొడిచలి. మే నెలలో ఎండ 45 డిగ్రీల దాపునకు పోవును. సాల్వియాకు హితమైనది పగలు వెచ్చగా, రాత్రి చల్లగా నుండు కాలము. అనగా మన శీతకాలమే దానికి వసంతము.

వానలు జోరుగా నున్నప్పుడు విత్తినచో నారు కుళ్ళును. మిక్కిలి ఆలసించి డిసెంబరులో విత్తినచో మొక్క ఎదుగకముందే ఎండలు వచ్చును. అందుచే దసరా పండుగను గుర్తుగా పెట్టుకొనుట మేలు. దసరా నాటికి విత్తి, దీపావళి దాటిన పిదప నాటినచో సంక్రాంతి నాటికి కంకులు వచ్చును. విత్తిన నాటినుండి పువ్వు విచ్చుటకు సుమారు మూడు నెలలు పట్టును. పిమ్మట హోళీ వఱకు పెరడు నిండుగా నుండును.

విత్తుట, నారు పెంచుట

పెద్ద కుండీలు అవసరము లేదు. అడుగున రంధ్రములు చేసిన పాత రేకుడబ్బా, వెడల్పయిన మట్టిమూకుడు, ఏదైనను చాలును. జల్లించిన మట్టి రెండు పాళ్ళు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఏటి ఇసుక ఒక పాలు కలిపి నింపవలెను. ప్రాణహిత ఒడ్డున నుండువారికి ఇసుకకు కొఱత లేదు. నల్లరేగడి నేలగలవారు ఇసుక పాలు రెట్టింపు చేయవలెను. రేగడి నీటిని పట్టియుంచి వేళ్ళకు గాలి ఆడనీయదు. పచ్చి పేడ ఎన్నడును వాడరాదు. దాని వేడికి లేతవేళ్ళు మాడును.

మట్టిని ముందుగా తడిపి, నీరు దిగిన తరువాత గింజలను పైన పలుచగా చల్లవలెను. ఎఱ్ఱ సాల్వియా గింజ మొలచుటకు వెలుతురు సాయపడును. కావున గింజలను లోతుగా పూడ్చరాదు. అఱచేతితో మెల్లగా అదిమి, గింజ కనబడీ కనబడనట్లు సన్నని ఇసుక చల్లిన చాలును. చాల సాల్వియా జాతుల గింజలు తడియగానే వాని చుట్టు సబ్జా గింజలకువలె జిగురుపొర పుట్టును. ఆ జిగురు గింజను నేలకు అంటిపెట్టుకొనునట్లు చేసి, తేమను నిలుపును. జిగురు పుట్టిన గింజను వ్రేలితో కదలింపరాదు.

పైనుండి ధారగా నీరు పోసినచో గింజలు ఒకమూలకు కొట్టుకొనిపోవును. డబ్బాను నీటిపళ్ళెములో నుంచి, తేమ అడుగునుండి పైకి ఎక్కిన పిదప తీసివేయుట మంచి పద్ధతి. నేరుటెండ తగులని వెలుతురులో నుంచినచో పది పదునైదు దినములలో మొలకలు కనబడును. ఒక్కచోట ఒత్తుగా మొలచినచో బలహీనమైనవానిని పీకివేయవలెను. పిల్లలు దీనికి మనసొప్పక ఏడ్చుట కలదు. నాలుగు మొలకలు ఒక్కచోట నిలిచినచో నాలుగును చెడునని వారికి నచ్చచెప్పవలెను.

నాటుట, పోషణ

మొలకకు రెండు మూడు జతల ఆకులు వచ్చినప్పుడు నాటవలెను. నాటుటకు ముందు వారము దినములు ఉదయపు ఎండకు కొంచెము కొంచెముగా అలవాటు చేయవలెను. సాయంకాలము నాటుట మేలు. పొట్టిరకములకు మొక్కకు మొక్కకు నడుమ జానెడు దూరమును, కాక్సీనియా, నీలి సాల్వియాలకు జానెడున్నర దూరమును ఉండవలెను. కుండీలో పెంచువారు పది అంగుళముల కుండీకి ఒక మొక్క చొప్పున నాటవలెను. అడుగు రంధ్రముపై పెంకుముక్క బోర్లించుట మఱువరాదు.

స్థలమును గూర్చి ఒక మాట. చలికాలమున రోజునకు అయిదాఱు గంటల ఎండ తగులుచోట నాటవలెను. నీడలో మొక్క సాగి, పూవులు తగ్గును. కాని ఫిబ్రవరి వెళ్ళిన తరువాత మధ్యాహ్నపు ఎండను అది ఓర్వలేదు. కావున తూర్పువైపున, మధ్యాహ్నమునకు ఇంటినీడయో, జామచెట్టు నీడయో పడుచోటు ఉత్తమము.

మొక్క నాలుగు జతల ఆకులు వేసినప్పుడు నడితల చివురును గోటితో త్రుంచివేయవలెను. పెరుగుచున్న తలను త్రుంచుట క్రొత్తవారికి అన్యాయముగా తోచును. త్రుంచని మొక్క ఒక్క కంకితో నిలువుగా పోవును. త్రుంచిన మొక్క క్రింది ఆకుల సందులనుండి నాలుగైదు కొమ్మలు వేసి, కొమ్మకొక కంకి నిచ్చును. పువ్వు పది దినములు ఆలస్యమగును. కాని పూత అనేక రెట్లు పెరుగును.

నీరు పోయుటకు గడియారము ప్రమాణము కాదు. వ్రేలిని రెండు కణుపులు మట్టిలోనికి గుచ్చి చూడవలెను. తేమ తగిలినచో ఆనాడు నీరు వలదు. పొడిగా నున్నచో మొదలు తడియునట్లు నిండుగా పోయవలెను. ఆకులమీద కాక మొదటిలో పోయుట, ప్రొద్దుటిపూట పోయుట మంచిది. నెలకొకసారి మొదటిచుట్టు మట్టిని గుల్లచేసి పిడికెడు చివికిన ఎరువు వేసిన చాలును. ఎరువు మితిమీరినచో ఆకులు మిక్కుటమై పూవులు తగ్గును. పూసి వాడిన కంకులను ఎప్పటికప్పుడు కత్తిరించినచో క్రొత్త కంకులు వచ్చును.

వేసవి రాగానే ఎఱ్ఱ సాల్వియా సామాన్యముగా అయిపోవును. దానిని ఏటేట విత్తుకొనుటయే మేలు. కాక్సీనియాను, నీలి సాల్వియాను మాత్రము బెత్తెడు ఎత్తునకు కత్తిరించి, మొదట ఎండుటాకులు కప్పి, నీడనిచ్చి కాపాడినచో వానలకు మరల చిగిర్చుట కలదు.

చీడలు, తెగుళ్ళు

నారులో వచ్చునది కుళ్ళుతెగులు. మొలక నేలకు తగులుచోట నల్లబడి ఒక రాత్రిలో ఒరిగిపోవును. దీనికి మందుకంటె జాగ్రత్త ముఖ్యము: ఒత్తుగా విత్తరాదు, మట్టిని బురదగా నుంచరాదు, గాలి ఆడునట్లు చూడవలెను. ఒక మూల తెగులు కనబడినచో ఆ మొలకలను మట్టితోసహా తీసి దూరముగా పాఱవేయవలెను.

పెరిగిన మొక్కకు చివుళ్ళపై పేనుబంక, ఆకు క్రింద తెల్లదోమ, కణుపులలో పిండినల్లి పట్టవచ్చును. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి, సాయంకాలము ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలెను. వారము విడిచి మరల చల్లవలెను. ఎండలు ముదిరినప్పుడు ఆకులపై సన్నని తెల్లచుక్కలు, క్రింద సాలెగూటివంటి దారములు కనబడినచో అది ఎఱ్ఱనల్లి. ఆకుల అడుగున గట్టిగా నీరు చల్లి కడిగినచో తగ్గును.

పిల్లలున్న ఇంట ఒక హెచ్చరిక అవసరము. తేనెకొఱకు పువ్వు మొదలు చీకుట పిల్లల అలవాటు. మందు చల్లిన మొక్కపువ్వును నోట పెట్టుకొననీయరాదు. కొన్న పొట్లములలోని గింజలకు మందు పూసియుండవచ్చును గనుక, సాల్వియా గింజలన్నియు చియా గింజలే యని తలచి తినరాదు.

పువ్వులోని ఏతము

ఇక పెంపకము ముగిసి చదువు మొదలగును. నీలి సాల్వియా పువ్వునొకదానిని కోసి అఱచేతిలో పెట్టుకొనుడు. వెలుపలిది రక్షక పత్రావళి. దానిలోనుండి వచ్చినది ఆకర్షణ పత్రావళి. అది గొట్టమై, కొసను రెండు పెదవులుగా చీలినది. క్రిందిపెదవి వెడల్పుగా నుండి అరుగువలె పనిచేయును. వచ్చిన తేనెటీగ ఆ అరుగుమీదనే కూర్చుండును. తేనె గొట్టము అడుగున ఉండును.

తులసిలో కేసరములు నాలుగు; సాల్వియాలో పనిచేయునవి రెండే. ఆ రెండును విచిత్రమైన నిర్మాణము గలవి. మన తాతలు బావినుండి నీరు తోడుటకు వాడిన ఏతమును తలచుకొనుడు. నిలువుకొయ్యపై అడ్డముగా పొడవైన దూలము. ఒక కొన క్రిందికి నొక్కినచో రెండవ కొన పైకి లేచును. సాల్వియా కేసరము సరిగా అట్టిదే. పొట్టికాడ నిలువుకొయ్య, దానిపై అడ్డముగా పొడవైన దూలము, దూలము పైకొనను పుప్పొడితిత్తి, క్రిందికొన గొట్టపు దారికి అడ్డము. తేనెకొఱకు ఈగ తల దూర్చినప్పుడు క్రిందికొన లోపలికి నెట్టబడును. వెంటనే పైకొన వంగి ఈగ వీపుపై పుప్పొడి అద్దును. ఈగ వెడలిపోగా దూలము మరల యథాస్థానమునకు వచ్చును. సన్నని చీపురుపుల్లను గొట్టములోనికి మెల్లగా దూర్చినచో ఈ ఆట పిల్లల కన్నుల యెదుటనే జరుగును.

ఇంతటితో ముగియలేదు. అనేక సాల్వియాలలో పువ్వు విచ్చినప్పుడు మొదట పుప్పొడి పండును. కీలాగ్రము తరువాత పెరిగి క్రిందికి వంగును. ముదిరిన పువ్వునొద్దకు వచ్చిన ఈగ వీపు, వంగియున్న కీలాగ్రమునకు తగులును. ఒక పువ్వు పుప్పొడి మఱియొక పువ్వునకు చేరుటకు ఈ ఏర్పాటు తోడ్పడును.

ఎఱ్ఱ సాల్వియా సంగతి వేఱు. తేనెటీగ కన్నులకు ఎఱుపు సరిగా కనబడదు; పక్షికి బాగుగా కనబడును. ఎఱ్ఱని పొడవు గొట్టపు పూవులు పుట్టినింట హమ్మింగ్ పక్షులకొఱకు ఏర్పడినవి. అవి గాలిలో నిలిచి రెక్కలాడించుచు తేనె త్రాగును. మన దేశమున ఆ పక్షులు లేవు. ఇచ్చట తేనెపిట్టలు ఆ పనిచేయును. ఇవి సామాన్యముగా కొమ్మపై వ్రాలి, ముక్కు వంచి త్రాగును. ఎఱ్ఱ సాల్వియాను, నీలి సాల్వియాను పక్కపక్కన నాటి, దేనికెవరు వచ్చుచున్నారో లెక్కపెట్టించుడు. పిల్లవానికి అదియే ప్రయోగశాల.

ఈ ఏతమును పరిశీలించి లోకమునకు తెలిపినవాడు జర్మనీ దేశస్థుడైన క్రిస్టియన్ కోన్రాడ్ ష్ప్రెంగెల్. ఆయన స్పాండౌ పట్టణములో పాఠశాల ప్రధానాధికారి. సాల్వియాను, మఱి వందలకొలది పూవులను పరీక్షించి, పువ్వు వన్నెలు, తేనె, ఆకారము కీటకములను పిలుచుటకే యని 1793లో ఒక గ్రంథము ప్రకటించెను. వృక్షశాస్త్రము లాటినులో వ్రాయుట వాడుకగా నున్న ఆ కాలములో ఆయన తన మాతృభాషయగు జర్మనులో వ్రాసెను. జీవించియుండగా ఆయనకు తగిన గౌరవము దక్కలేదు, 1816లో మరణించెను. 1841లో చార్లెస్ డార్విను ఆ గ్రంథమును చదివి దాని విలువ గ్రహించి, తన రచనలలో ప్రశంసించెను. పిమ్మట లోకమంతయు అంగీకరించినది.

విత్తనము దాచుట

పువ్వు రాలిన పిదప రక్షక పత్రావళిని విప్పి చూచినచో అడుగున నాలుగు చిన్న కాయగింజలు కనబడును. తులసిలోను అట్లే నాలుగు. అవి గోధుమరంగు లేక నల్లరంగునకు తిరిగినప్పుడు సేకరింపవలెను. ఒక్కదినము ఆలసించినను నేలరాలును. కంకికి పలుచని గుడ్డసంచి కట్టినచో రాలినవి దానిలోనే పడును. నీడను ఆరబెట్టి, కాగితపు పొట్లములో కట్టి, జాతిపేరు, నెల, సంవత్సరము పిల్లవానిచేత తెలుగులో వ్రాయించి, తేమ తగులని డబ్బాలో దాచవలెను. కాక్సీనియా గింజలు సామాన్యముగా తల్లివంటి మొక్కలనే ఇచ్చును. సంకరరకపు గింజలనుండి వచ్చిన మొక్కలు తల్లివలె నుండకపోవచ్చును. నచ్చిన మొక్కనే కావలెనన్నచో పూయని కొమ్మను నాలుగంగుళములు కోసి, క్రింది ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చినచో రెండు మూడు వారములలో వేరు పట్టును.

తల్లిదండ్రులకు మనవి

మన ప్రాంతము అనేక పాలనల చేతులు మాఱినది. సిరొంచ 1874 వఱకు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానము; పిమ్మట చాందా జిల్లాలో కలిసినది. 1956లో బొంబాయి రాష్ట్రమునకు, 1960 మే 1న మహారాష్ట్రమునకు చెందినది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినది. 1956 నాటి ఏడవ సవరణముచే రాజ్యాంగములో చేరిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు ప్రతి రాష్ట్రము ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. చట్టము బడివఱకు తోడు రాగలదు; పెరటిలోనికి రాలేదు. అచ్చట మాటాడవలసినవారు మీరే.

మన పిల్లలు బంతిని జెండూ అనియు, చేమంతిని శేవంతి అనియు అనుచున్నారు. అది తప్పుకాదు, మరాఠీ మన రాష్ట్రభాష, దానిని చక్కగా నేర్వవలెను. కాని జెండూ అను పేరు నేర్చుకొని బంతి అను పేరు మఱచుటలో లాభమేమున్నది? రెండును ఉండవలెను. ఇప్పుడు ఒక్కసారి వెనుకకు తిరిగి చూడుడు. ఈ పాఠములో కణుపు, చివురు, నారు, కంకి, పుప్పొడి, తిత్తి, నూగు, ఏతము, పేనుబంక, పిండినల్లి అను మాటలు వచ్చినవి. ఇవి నిఘంటువులనుండి వెదకి తెచ్చినవి కావు. మీ ఇండ్లలో పెద్దవారి నోట ఉన్నవే. శాస్త్రనామములను ఉన్నవున్నట్లు తీసికొంటిమి. లోకమంతయు అట్లే తీసికొనును. పుస్తకములో పుష్పభాగములను కంఠస్థము చేసిన పిల్లవాడు పెరటిలో పువ్వును విప్పి చూపలేకపోవుట మేము తఱచుగా చూచుచున్నాము. అది భాషలోని లోపము కాదు. ఆ మాటలు బడిగోడ దాటి ఇంటికి రాకపోవుటవలన కలిగిన లోపము. సాయంకాలము పావుగంట కుండీ దగ్గఱ కూర్చుండి తల్లియో తండ్రియో మాటాడినచో అది తీరును. చదువురాని తల్లిదండ్రులు సంకోచింపనక్కరలేదు. మట్టి, ఎరువు, చీడలను గూర్చి వారికి మాకంటె ఎక్కువ తెలియును.

ఇంటివద్ద చేయవలసిన పనులు

1. తులసి, పుదీన, తుమ్మి, టేకు, సాల్వియా వీని లేతకాడలను అడ్డముగా కోసి, కనబడిన ఆకారమును బొమ్మ వేయుము.

2. సబ్జా గింజలను, సాల్వియా గింజలను వేఱువేఱు మూకుళ్ళలో నీటిలో వేసి, గంట తరువాత ఏమి మార్పు వచ్చినదో వ్రాయుము.

3. రెండు మొక్కలలో ఒకదాని తల త్రుంచి, రెండవదానిని విడిచిపెట్టుము. సంక్రాంతి నాటికి ఏ మొక్కకు ఎన్ని కంకులు వచ్చెనో లెక్కించుము.

4. ఏతమును ఎట్లు కట్టెడివారో తాతగారినో, నానమ్మనో అడిగి తెలిసికొని, దాని బొమ్మను, సాల్వియా కేసరము బొమ్మను పక్కపక్కన వేయుము.

5. ఈ మొక్కకు నీ ఇంటివారు కలిసి ఒక తెలుగు పేరు పెట్టుడు. ఆ పేరును, అది ఏల తగునో రెండు వాక్యములలో వ్రాసి, విత్తనపు పొట్లముతోపాటు బడికి తెమ్ము.